పదకొండో పేజీ కోసం చిక్కడపల్లి

మా చీరాలలో హైదరాబాదు వెళ్లొచ్చిన ప్రతివాళ్లూ చార్మినార్ ముందు నిలబడి దిగిన ఫొటో చూపిస్తారు. నా దగ్గర ఆ ఫొటో లేదు. మూడు రోజులున్నాను గానీ అటువైపు వెళ్లనే లేదు. చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ, ఈ మూడింటి మధ్యే తిరిగాను. ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడిచిపోవచ్చు. "రాత్రంతా రైల్లో కూర్చుని వెళ్లి మూడు వీధులు చూసొచ్చింది" అని మా అత్త ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతుంది. చిన్నప్పుడు లాంతరు వీరయ్య బొమ్మల పుస్తకం చదివినవాళ్లకైతే నేనెందుకు వెళ్లానో చెప్పక్కర్లేదు. చదవనివాళ్ల కోసం కాస్త చెబుతాను.

వీరయ్య గస్తీవాడు. మోకాళ్ల దాకా పంచె, భుజాన కంబళి, చేతిలో లాంతరు. నెలకో ఊరు వెళతాడు. ఆ ఊళ్లో ఏదో దొంగతనమో మోసమో జరుగుతుంది. దాన్ని బయటపెట్టి తెల్లారేసరికి దారిన పడిపోతాడు. నేను పుట్టకముందు నుంచీ నెలనెలా వస్తున్న పుస్తకం అది. నేను ఏడో తరగతితో బడి మానేస్తే మా మావయ్య తన అద్దె పుస్తకాల కొట్లో కూర్చోబెట్టాడు. అప్పటిదాకా కూడబలుక్కుని చదివేదాన్ని. గడగడా చదవడం వీరయ్యే నేర్పాడు. బొమ్మ చూస్తే మాట ఏమై ఉంటుందో తెలిసిపోయేది, తర్వాత అక్షరాలు వాటంతట అవే దారికొచ్చేవి.

కేబుల్ టీవీలు వచ్చిన కొత్తలో వీరయ్యని మార్చేశారు. ప్యాంటు తొడిగారు. మోటారు సైకిలు ఎక్కించారు. లాంతరు తీసేసి టార్చిలైటు చేతికిచ్చి హైదరాబాదులో కాపురం పెట్టించారు. ఆ నెల నుంచి పాఠకులు రెండు జట్లయ్యారు. పదహారో పేజీలో ఉత్తరాలు వేసేవాళ్లు, అక్కడ కొట్టుకోవడమే పని. పంచె జట్టులో "చీరాల నాగమణి" అని నెల తప్పకుండా నా పేరు పడేది. ప్యాంటు జట్టులో "అశోక్‌నగర్ స్వరూప" అని ఒకామె. ఆమె నన్ను అటక మీద దుమ్ము పట్టిన బుర్ర అంది. నేను ఆమెను సినిమా పోస్టరుకి పుట్టిన పిల్ల అన్నాను. రెండూ అచ్చేశారు.

అలా ఏడాది పైన గడిచాక ఒక నెల ఉత్తరాల పైన ప్రకటన వేశారు. పుస్తకం సరిగా అమ్ముడుపోవడం లేదు, పంచెవాళ్లు కొంటే ప్యాంటువాళ్లు మానేస్తున్నారు, వాళ్లు కొంటే వీళ్లు మానేస్తున్నారు, ఫలానా ఆదివారం చిక్కడపల్లిలో మా ప్రెస్‌కి రండి, వీరయ్యని ఏం చేయాలో మీరే తేల్చండి, తేలకపోతే ఇదే ఆఖరు పుస్తకం, అని. దాని వెనకే స్వరూప దగ్గర్నుంచి కార్డు ముక్క. "అక్కా, చిట్ఠీలల్ల కొట్లాడింది చాలు. నా రూంల ఉండు. ఎదురెదురుంగ కొట్లాడుదాం."

మావయ్య ఆ కార్డు రెండుసార్లు చదివాడు. "శత్రువు ఇంట్లో దిగుతావా?" అన్నాడు. తర్వాత తనే రైలు టిక్కెట్టు తెచ్చాడు. కొట్లో బాగా నలిగిపోయిన పాత వీరయ్యలు ఎనిమిది, కొత్తవి రెండు సంచిలో పెట్టుకున్నాను. ఇంత నలిగాయంటే ఎంతమంది చదివారో చూడండి అని చూపిద్దామని.

ముందు తలుపు

సిటీ బస్సుకి రెండు తలుపులుంటాయని నాకెవరూ చెప్పలేదు. మా వైపు బస్సుకి ఒకటే తలుపు, గట్టిగా తోసినవాళ్లు ముందు ఎక్కుతారు. సికింద్రాబాదులో దిగి, చిక్కడపల్లి బస్సని అడిగి, వెనక తలుపులోంచి ఎక్కాను. లోపలంతా మగవాళ్లే. ఒకాయన నన్ను పైనుంచి కిందికి చూసి, "అమ్మా, లేడీస్ ముందట. లోపటి నుంచి పోలేవు గని దిగి ఎక్కు" అన్నాడు. దిగాను. ముందు తలుపు అందేలోపు బస్సు కదిలింది. ఆయనే లోపల్నుంచి రేకు మీద దబదబా బాది ఆపించాడు. డ్రైవరు నావైపు చూసి, "కొత్తనా?" అన్నాడు. అవునన్నాను. "గందుకే" అని గేరు వేశాడు.

ముందువైపు అంతా ఆడవాళ్లు. హాయిగా ఉంది, మోచేతులు తగలవు. పూలగంప పెట్టుకున్న ఒకావిడ జరిగి చోటిచ్చింది.

"సంచిల ఏమున్నయి బిడ్డా, ఇంత బరువున్నది?"

"పుస్తకాలండీ."

"పరీక్షనా?"

"కాదండీ, బొమ్మల పుస్తకాలు."

ఆవిడ సంచిని ఒకసారి ఎత్తి చూసింది. "చిక్కడపల్లి దిగెటోళ్లంత పరీక్షలకే దిగుతరు. నువ్వు బొమ్మలకు దిగుతున్నవ్" అంది. దిగేటప్పుడు ఒక మూర కనకాంబరాలు చేతిలో పెట్టింది. డబ్బులివ్వబోతే, "పొద్దుగాల బోణీ గాదు, ఊకనే ఇచ్చిన, పో" అంది. మా చీరాల పూలమార్కెట్లో ఊరికే ఇవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

అశోక్‌నగర్‌లో ప్రత్యర్థి గది

అశోక్‌నగర్‌లో గోడ అన్నది ఖాళీగా కనపడదు. గ్రూపు పరీక్షల కోచింగు అని ఒక కాగితం, దాని మీద ఇంకో కాగితం. ప్రతి మేడ మీదా హాస్టలే, ప్రతి హాస్టలు పిట్టగోడ మీదా తువ్వాళ్లే. సందు మలుపు మలుపుకీ జిరాక్సు కొట్టు. పెద్ద లైబ్రరీ ముందు చెట్ల కింద కుర్రాళ్లు నడుస్తూ పాఠం పైకి చదువుకుంటారు. ఎదురుపడితే తగలకుండా ఇద్దరూ పక్కకి తప్పుకుంటారు, కళ్లు మాత్రం పుస్తకంలోంచి తీయరు. మా ఊళ్లో నేతగాళ్లు మగ్గానికి నూలు పడుగు వీధి పొడవునా చాపేటప్పుడు ఇలాగే నడుస్తారు.

స్వరూప అంటే పొట్టి జుట్టుతో, గట్టి గొంతుతో పొడుగాటి మనిషి అని నేను ఊహించుకున్నాను. తలుపు తీసిన పిల్ల నా భుజం దాకా వస్తుంది. నూనె రాసి బిగించిన జడ. చేతులకు జొన్నపిండి.

"నువ్వేనా నాగమణివి? చిట్ఠీలల్ల పైల్వాన్ లెక్క ఉంటవ్, ఇంత బక్కగున్నవేంది?"

"మీరేనా స్వరూపగారు?"

"గారు గీరు వద్దక్క. ఎవరన్న వింటే నాకు ఉజ్జోగం వచ్చిందనుకుంటరు."

స్వరూపది పాలమూరు జిల్లాలో ఒక పల్లె. డిగ్రీ అయ్యాక గ్రూపు పరీక్షలకు చదువుకోవడానికి వచ్చింది. గదిలో స్టవ్వు పెట్టకూడదని నియమమట, కాబట్టి కిరసనాయిలు స్టవ్వు మంచం కింద ఉంటుంది. మంచం ముందు దుప్పటి వేలాడదీసి, దాని వెనక రొట్టె చేసింది. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, పచ్చిపులుసు. మా ఇంట్లో జొన్న అంటే పిట్టలకు వేసేది. నేను మూడు రొట్టెలు తిన్నాను. వేటపాలెం జీడిపప్పు పొట్లం ఇస్తే స్వరూప విప్పి, "ఇంతనా? మా దిక్కు పెండ్లిల పాయసంలకు లెక్కపెట్టి వేస్తరు" అని నాలుగు తీసుకుని మిగతాది డబ్బాలో దాచింది.

ఆదివారం దాకా వీరయ్య మాట ఎత్తొద్దని తినేటప్పుడు ఒప్పందం చేసుకున్నాం. చేతులు కడుక్కునేదాకా ఆగింది ఆ ఒప్పందం.

"చెప్పక్క, ప్యాంటేసుకుంటె నీకేం నొప్పి?"

"నొప్పి ప్యాంటుతో కాదు. ఊళ్లు తిరిగేవాడు. మా ఊరు కూడా వచ్చాడు ఒక నెల. ఇప్పుడు పట్నం వచ్చేసి ఇక్కడే ఉండిపోయాడు. మరి మా దగ్గరికి ఎవరొస్తారు?"

"మా ఊరికొచ్చి ఏం చేస్తడు? సగం ఊరు బొంబాయి పోయింది, సగం గీ పట్నంల తాపీపనికొచ్చింది. దొంగతనం చేసేటందుకు ఇండ్లల్ల ఏమున్నది? నేను పట్నమొచ్చిన. నాతోని వీరయ్య గూడ వచ్చిండనుకున్న. నువ్వేమో తోలేయమంటున్నవ్."

నిద్రొస్తోందని చెప్పి అటు తిరిగి పడుకున్నాను.

నారాయణగూడలో చాయ్, తర్వాత వాన

మర్నాడు శనివారం. నలిగిన పుస్తకాలకు గట్టి అట్ట వేయిస్తే మీటింగులో పరువుగా ఉంటుందని, బైండింగు కొట్టు కోసం సంచి పట్టుకుని నారాయణగూడ వెళ్లాం. ముందు ఇరానీ హోటలు. మా ఊళ్లో ఆడపిల్లలు టీకొట్టులో కూర్చోరు. ఇక్కడ మూల గదికి కర్టెన్ కట్టి ఫ్యామిలీ రూమ్ అని రాశారు. పాలరాయి బల్ల, గోడలకు అద్దాలు. చాయ్ రెండు రూపాయలు, చిక్కగా, కాస్త ఉప్పగా ఉన్నట్టు అనిపించే తీపి. బిస్కెట్టు ముంచాను, సగం కప్పులో మునిగిపోయింది. స్వరూప తనది ముంచి చటుక్కున తీసి నోట్లో వేసుకుంది.

"గిది గూడ పరీక్షనే అక్క. నువ్వు ఫెయిల్."

చెంచా ఇమ్మని అడిగితే చాయ్ తెచ్చిన పెద్దాయన, "మునిగిన బిస్కెట్ తీయొద్దమ్మా, చాయ్‌కి అదే రుచి" అని చెంచా ఇవ్వకుండానే వెళ్లిపోయాడు. ఆయన మాట నిజమే.

స్వరూపకి క్లాసు టైమైంది. తను వెళ్లిపోయింది. బైండింగు కొట్టతను నాలుగు రోజులు పడుతుందన్నాడు. సంచి మోసుకుంటూ అశోక్‌నగర్ వైపు వెనక్కి నడుస్తుంటే వాన అందుకుంది. చినుకు చినుకుగా మొదలయ్యే రకం కాదు. సంచి గుడ్డది. కట్టుబడిలో ఉన్న ఒక మేడ కనిపిస్తే లోపలికి దూరాను. తలుపుల్లేవు, కిటికీల్లేవు, స్తంభాల మధ్య చీర కట్టి ఒక కుటుంబం కాపురం ఉంది. మూడు ఇటుకల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. పొయ్యి దగ్గర కూర్చున్నామె పేరు బాలమ్మ అని తర్వాత తెలిసింది. నారాయణపేట దిక్కు నుంచి వచ్చారట, అక్కడ కూలిపని.

నేను సంచి గుండెలకి హత్తుకుని నిలబడ్డాను. అప్పటికే సగం తడిసిపోయింది. అడగాలంటే సిగ్గేసింది. వాళ్లింట్లోకి చెప్పకుండా వచ్చి, ఇంకా ఏదో ఇమ్మని ఎలా అడుగుతాం. చివరికి అడిగాను. "అమ్మా, ఏదైనా ప్లాస్టిక్ కాగితం ఉంటుందా? పుస్తకాలు తడిసిపోతున్నాయి."

ఆమె లేచి, తన బట్టల మూట మీద కప్పిన ఖాళీ సిమెంటు సంచిని తీసి దులిపింది. "గిండ్ల వెయ్యి. జర సిమెంటున్నది, ఏం గాదు."

"మరి మీ బట్టలు?"

"మాయి బట్టలే గద, ఎండకు ఆర్తయి. కాయితం ఆర్తదా?"

"రేపు తెచ్చిస్తానండీ."

"తెస్తే తే, లేకుంటే లేదు" అని ఉడుకుతున్న అన్నం కలియబెట్టింది.

జిగురు పెట్టిన పేజీ

సాయంత్రం స్వరూప వచ్చేసరికి గది నిండా వీరయ్యే. పిన్నులు తీసి, పేజీలు విడదీసి, నేలమీదా కిటికీ గట్టుమీదా పరిచి ఫ్యాను వేశాను. అడుగు వేయడానికి చోటు లేదు. తడికి సిమెంటు పొడి అంటుకుని అంచులు బూడిద రంగులోకి తిరిగాయి. తను గుమ్మంలోనే చెప్పులు విడిచి, గోడ వారగా నడిచొచ్చి మంచమెక్కింది.

అద్దె పుస్తకాల కొట్లో నా పని సగం జిగురు పనే. మైదాపిండి, పాడవకుండా కాస్త మైలుతుత్తం వేసి కాచి, చిరిగిన పేజీకి పల్చటి కాగితం అతికించడం. పదేళ్లుగా చేస్తున్నాను. తడికి ఆ జిగురు ఊడి తెల్లగా పొంగింది. పొంగిన పేజీలన్నీ ఒక వరసలో పెట్టాను, మళ్లీ అతికించాలి కదా అని. ఎనిమిది పుస్తకాల్లో ఎనిమిది పేజీలు. కింద అంకె చూస్తే అన్నింటి మీదా పదకొండు.

"అక్క, ఏమైంది? గట్ల కూసున్నవ్."

"వీటన్నింటికీ నేనే జిగురు పెట్టాను. ఎప్పుడూ అంకె చూడలేదు."

చదివినవాళ్లకి పదకొండో పేజీ గుర్తుండే ఉంటుంది. ప్రతి కథలోనూ అక్కడికొచ్చేసరికి వీరయ్య లాంతరులో నూనె అయిపోతుంది. ఏదో ఒక ఇంటి తలుపు తడతాడు. "చెంచాడు నూనె ఉంటే పొయ్యండి" అంటాడు. ఎవరో ఒకరు పోస్తారు. అంతే, పేజీ నిండా ఆ ఇల్లే. ఉట్టి మీద ఏముంది, పొయ్యి మీద ఏముంది, పిల్లలు ఎలా పడుకున్నారు, అన్నీ గీసేవాళ్లు. నెలకో ఊరు, నెలకో ఇల్లు. మా వైపు వచ్చినప్పుడు గుంట మగ్గంలో కూర్చున్న నేతమనిషి పైకి లేవకుండానే, గూట్లో సీసా ఉంది పోసుకో అంటాడు. ఆ పేజీకి నేను మూడుసార్లు జిగురు పెట్టాను. మా ఊరి పక్కనే ఉన్న పేరాల నేతగాళ్లు పుస్తకం అద్దెకి తీసుకుని ఆ పేజీ తెరిచి మగ్గం ముందు ఆనించుకునేవాళ్లు.

కొత్త వీరయ్యలు రెండూ తీశాను. పదకొండో పేజీ తెరిచాను. ఒకదాంట్లో పళ్లపొడి ప్రకటన. రెండోదాంట్లోనూ అదే పళ్లపొడి.

స్వరూప మంచం దిగి, తన పెద్ద గైడు తీసి, అందులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం నా చేతికిచ్చింది. చింపిన పేజీ. ఊళ్లో అన్ని ఇళ్లకీ తాళాలు. చివరి ఇంటి ముందు మూటలు కట్టుకుంటున్న మొగుడూ పెళ్లాలు. ఆమె తన దీపంలో మిగిలిన నూనె మొత్తం వీరయ్య లాంతరులో వంపేస్తోంది. "మేము పొద్దున్నే వెళ్లిపోతున్నాం, దీపం మాకెందుకు" అని రాసుంది. కింద పదకొండు.

"మా ఊరి లైబ్రరీ పుస్తకంలకెల్లి చింపిన. పదేండ్లుంటుండె నాకు. నువ్వు కిరాయి పుస్తకాలదానివి, చెప్తే కొడ్తవని చెప్పలె."

పేజీ చింపేవాళ్లంటే నాకెంత మంటో మా కొట్టుకొచ్చే ఎవర్నడిగినా చెబుతారు. ఆ పూట మాత్రం ఆ కాగితాన్ని మడత నలగకుండా మళ్లీ ఆమె గైడులోనే పెట్టాను.

చిక్కడపల్లి ప్రెస్ మేడమీద

ఆదివారం పొద్దున చిక్కడపల్లి సందులో ప్రెస్ కనుక్కోవడం కష్టం కాలేదు, వాసనే దారి చూపించింది. సిరా, కిరసనాయిలు. కింద మిషన్లు, పక్కన పెళ్లి పత్రికల కట్టలు. మేడమీద హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. ఎవరూ చెప్పకుండానే ఆడపెళ్లివారూ మగపెళ్లివారూ లాగ రెండు వైపులా కూర్చున్నారు. నేను పంచె వైపు, స్వరూప ప్యాంటు వైపు. పుస్తకం మొదలుపెట్టినాయన కొడుకు ప్రకాశ్‌గారు మధ్యలో కుర్చీ వేసుకున్నాడు. ఆయన వెనక కిటికీ దగ్గర రాజలింగంగారు. మొదటి పుస్తకం నుంచీ వీరయ్యని గీసింది ఆయనేనని చెబితే, నాకు కాళ్లకి మొక్కాలనిపించింది. ఆయన మాత్రం గోళ్లలో సిరా గీక్కుంటున్నాడు.

"గస్తీవానికి ప్యాంటెందుకయ్యా?" అని మా వైపు పెద్దాయన మొదలుపెట్టాడు.

"మరి మీరెందుకు తొడుక్కొచ్చిన్రు అంకుల్?" అని అటువైపు కుర్రాడు.

అందరూ నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాడు గానీ ఊరుకోలేదు. గంట సేపు సాగింది. లాంతరు తెస్తే ఈ కాలం పిల్లలు కొనరని వాళ్లు, టార్చి ఉంటే మేం కొనమని వీళ్లు. ప్రకాశ్‌గారు చివరికి చేతులు పైకెత్తాడు. "చూసిన్రా, ఏడాది సంది నాకు గిదే బాధ. ఎటు పోయినా సగంమంది పోతున్నరు. నేను ఆపేస్త. పెండ్లి పత్రికలు కొట్టుకుంట బతుకుత."

అప్పుడు లేచాను. "నేను ఏడో తరగతే చదివానండీ. అదీ వీరయ్యతో చదివిందే ఎక్కువ. అందరూ ఒకసారి కొత్త పుస్తకంలో పదకొండో పేజీ తియ్యండి."

"అది పళ్లపొడి కదమ్మా" అన్నారెవరో. మళ్లీ నవ్వులు.

స్వరూప లేచి హాలు దాటి మా వైపు వచ్చింది. రెండు జట్లూ మెడలు తిప్పి చూశాయి. నా పక్కన నిలబడి గైడులోంచి కాగితం తీసి విప్పింది. "నేను అశోక్‌నగర్ స్వరూపను. ఈమె చీరాల నాగమణి. మా కొట్లాట మీరందరు చదివిన్రు. నిన్నటి సంది మాకు కొట్లాట లేదు. వీరయ్య మారిండని మనం ప్యాంటు మీద పడ్డం. ఆయన ఇప్పుడు ఎవ్వర్నీ ఏమడుగుత లేడు. గా అడుగుడు పోయింది."

నేను సంచిలోంచి ఎనిమిది పేజీలు తీసి నేలమీద వరసగా పరిచాను, పొంగిన జిగురుతో సహా. ఒక్కొక్కరే లేచి వచ్చి చుట్టూ కూర్చున్నారు. "ఇది మా దిక్కు ఇల్లే" అని ఒకరు. "ఈ కుండలు చూడు" అని ఇంకొకరు. ప్యాంటు మాట అడిగిన కుర్రాడు మా పెద్దాయన మోకాలి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

ప్రకాశ్‌గారి ముఖం వాడిపోయింది. "నిజం చెప్పాల్నంటే, తీసింది నేనే. ఫారం అంటె ఒక్క పెద్ద షీటు, మడిస్తె పదహారు పేజీలే వస్తయి, పదిహేడోది పెట్టలేం. పళ్లపొడోళ్లు లోపలి పేజీ కావాలన్నరు. కథ నడవని పేజీ ఏదున్నదా అని చూసిన. పోతడు, నూనె అడుగుతడు, పోస్తరు, వస్తడు. గా పేజీ తీసేస్తే కథకేం తక్కువైతదనుకున్న. ప్యాంటు తొడిగింది గూడ గదే నెల."

రాజలింగంగారు అప్పుడు లేచాడు. బీరువా తెరిచి ఒక అట్ట కట్ట తెచ్చి నా ముందు పెట్టాడు. పదకొండో పేజీలు. అచ్చుకి వెళ్లనివి, కొత్త వీరయ్యవి, నెలకొకటి చొప్పున.

"అచ్చేసుడు ఆపిన్రు. గీసుడు ఎవ్వరు ఆపుమనలె" అన్నాడు. "చేతికి అలవాటైంది. గిది లేకుంటే పన్నెండో పేజీల మనిషి ముఖం రాదు నాకు."

ఒకదాంట్లో వీరయ్య టార్చిలో బ్యాటరీ అయిపోయింది, హాస్టలు గదిలో ఆడపిల్ల తన అలారం గడియారంలోంచి తీసి ఇస్తోంది. మంచం కింద స్టవ్వు, ముందు దుప్పటి. స్వరూప ఆ పేజీ మీదికి వంగి లేవలేదు. ఇంకో నెల బండిలో పెట్రోలు అయిపోయింది, ఇరానీ హోటలు పెద్దాయన సీసా పట్టుకుని బయటికొస్తున్నాడు.

"సారూ, మరి పంచెనా, ప్యాంటా?" అని ఎవరో అడిగారు.

"ఊరికి పోయిన నెల పంచె, పట్నంల ఉన్న నెల ప్యాంటు. మనం గట్లనే గద" అన్నాడాయన.

ప్రకాశ్‌గారు మాత్రం కూర్చునే ఉన్నాడు. "అందరు మంచిగ చెప్పిన్రు. మరి పళ్లపొడిని ఏడ పెట్టాలె? కాయితం కర్సు వాళ్ల మీదనే ఎల్తున్నది. అట్ట లోపలి పేజీలు ఎప్పుడో వేరే ప్రకటనలకు పోయినయి. ఏ పేజీ తీసెయ్యాల్నో మీరే చెప్పున్రి."

నేనూ స్వరూపా ఒకరినొకరు చూసుకున్నాం. తీసేయగల పేజీ ఒక్కటే ఉందని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. అందులో నా పేరు మొదటిసారి అచ్చయినప్పుడు మావయ్య పటం కట్టించి కొట్లో పెట్టాడు.

"పదహారో పేజీలో పెట్టండి" అన్నాను. ఉత్తరాల పేజీ.

హాల్లో ఉన్నవాళ్లంతా ఆ పేజీలో పేరు చూసుకోవడానికి ఉత్తరాలు రాసినవాళ్లే. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నాడు ప్రకాశ్‌గారు. ముందు స్వరూప చెయ్యి లేచింది. తర్వాత మా పెద్దాయనది. తర్వాత మిగతావి, నెమ్మదిగా, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ. కింద మిషన్ మీద అప్పటిదాకా నడుస్తున్న పెళ్లి పత్రికల పని కాసేపు ఆపించాడాయన, మమ్మల్నందర్నీ తీసుకెళ్లి ఖాళీ ఫారం చూపించడానికి.

మేం బయల్దేరేటప్పుడు రాజలింగంగారు నా పేజీల అంచులు వేలితో రాసి చూశాడు. "ఈ బూడిదేంది బిడ్డా?"

సిమెంటు అని చెప్పాను. బాలమ్మ సంగతి అంతా చెప్పాను. ఆయన ఆ ఇంటికి తలుపు ఎటువైపుందని మాత్రం అడిగాడు. తలుపే లేదన్నాను.

సంచి తిరిగిచ్చాను

ఆ సాయంత్రం రైలుకి ముందు స్వరూపను వెంటబెట్టుకుని ఆ మేడ దగ్గరికి వెళ్లాను. సంచి కడిగి ఆరబెట్టి మడత పెట్టాను, లోపల జీడిపప్పు పొట్లం. దానికోసం స్వరూప డబ్బా సగం ఖాళీ చేయాల్సి వచ్చింది. బాలమ్మ సంచి చూసి పక్కన ఇసుక జల్లెడ పడుతున్న ఆమెను పిలిచింది.

"చూడే, సిమెంటు సంచి ఉతికి తెచ్చింది. గీ పట్నంల గిట్లాంటోళ్లు గూడ ఉన్నరు."

"ఈమెది పట్నం గాదు, చీరాల" అంది స్వరూప.

"గందుకే" అంది బాలమ్మ. బస్సు డ్రైవరు అన్నమాటే. ఈసారి నాకు బాగుంది.

తిరిగొచ్చాక కొట్లో అదే బల్ల, అదే జిగురు గిన్నె. స్వరూప ఇప్పుడు ఇన్‌లాండ్ కవర్లు రాస్తుంది, నేను రాస్తాను. వీరయ్యకి టార్చి మంచిదా లాంతరు మంచిదా అని ఇంకా తేలలేదు. మా పోట్లాట చదివేవాళ్లు లేరు కాబట్టి ఇంకాస్త ఘాటుగా తిట్టుకుంటున్నాం. పదహారో పేజీలో పళ్లపొడి పిల్లాడు నవ్వుతుంటాడు.

రెండు నెలలకి కొత్త పుస్తకం వచ్చింది. ప్యాంటు వీరయ్యే. జోరు వాన, బండి ఆగిపోయింది, చేతిలో పాత లాంతరు. పదకొండో పేజీలో కట్టుబడి మేడ, మూడు ఇటుకల పొయ్యి, స్తంభాల మధ్య చీర. తలుపు లేదు కాబట్టి ఈసారి తలుపు తట్టే బొమ్మ లేదు, వీరయ్య బయటే వానలో నిలబడి దగ్గాడు. లోపలున్నామె ముందు సిమెంటు సంచి అతని నెత్తిన కప్పి, తర్వాత నూనె పోసింది.

ఆ రోజే మైదా జిగురు కాచి మూత పెట్టి ఉంచాను. పేరాల నుంచి, వేటపాలెం నుంచి, స్టేషను రోడ్డు నుంచి పిల్లలు తీసుకెళ్లారు, తెచ్చారు. మూడు వారాలు పట్టింది. నిన్న సాయంత్రం ఒక పిల్ల భయపడుతూ పుస్తకం బల్ల మీద పెట్టింది. చిరిగిందక్కా, నేను కాదు, అంది. ఏ పేజీ అని నేను అడగలేదు. మూత తీశాను.